దమ్మక్క సీమలో గుడులు, చేతిపనులు

ఫాల్గుణం సగం దాటిందంటే చాలు, సత్తుపల్లి నుంచీ అశ్వారావుపేట నుంచీ వచ్చే దారులు దమ్మపేటలో కలిసి, ములకలపల్లి మీదుగా భద్రాద్రికి ముఖం తిప్పుతాయి. పసుపు బట్టలు కట్టుకొని, నెత్తిన ముడుపు పెట్టుకొని, నోట రామనామంతో నడిచే భక్తబృందాలకు దారి పొడవునా ఎర్రని మోదుగుపూలు స్వాగతం పలుకుతాయి. తెల్లవారుజామున రాలిన ఇప్పపూల వాసన అడవి అంచు వరకూ వచ్చి పలకరిస్తుంది. ఒకనాడు ఈ దారి ఎడ్లబండ్లది. 1965లో భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన ప్రారంభమయ్యే దాకా, బండి దిగిన యాత్రికుడు ఆవలి గట్టుకు చేరాలంటే పడవ ఎక్కవలసిందే. ఏటిలో నీరు పెరిగితే ఈ గట్టునే కూర్చుని, దూరాన కనిపించే గోపురానికి దండం పెట్టుకోవలసిందే.

2016లో పాత ఖమ్మం జిల్లా విడివడి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినప్పుడు దమ్మపేట మండలం అందులో చేరింది. స్వామి కొలువున్న కొండ పేరే జిల్లా పేరయింది. ఇప్పుడు దమ్మపేట చుట్టూ ఎటు చూసినా పామాయిల్ తోటలు. మండలంలోని అప్పారావుపేటలో ఆ గెలలను ఆడించే కర్మాగారమూ ఉన్నది. తోటలు దాటి ములకలపల్లి వైపు సాగితే టేకు, తునికి, మద్ది, ఇప్ప చెట్ల అడవి మొదలవుతుంది. ఈ దారిలోనే పూసుగూడెం, కమలాపురం వద్ద సీతారామ ఎత్తిపోతల పంపుహౌసులు వెలిశాయి. 2024 ఆగస్టు 15న వాటిని ప్రారంభించారు. ఇన్నాళ్ళూ గోదావరమ్మను వెతుక్కుంటూ జనం వెళ్ళిన దారిలో, ఇప్పుడు గోదావరి నీరే జనానికి ఎదురు వస్తున్నదన్నమాట.

సాధారణంగా మన యాత్ర ఎలా సాగుతుంది? నదిలో మూడు మునకలు, క్యూలో దర్శనం, ప్రసాదం పొట్లం, పిల్లలకు దుకాణంలో ఒక ప్లాస్టిక్ బొమ్మ, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. తప్పు పట్టవలసినదేమీ లేదు, దర్శనమే ముఖ్యం. కాని స్వామి సేవలో వినియోగమయ్యే ప్రతి వస్తువు వెనుకా ఒక చేతిపని ఉన్నది. ఆ పని చేసే మనుషులు ఈ సీమలోనే ఉన్నారు. వారు కొలిచే వేల్పులూ ఈ అడవిలోనే ఉన్నారు. గుడి చూసినంత శ్రద్ధగా ఆ పనినీ చూసి వస్తేనే భద్రాద్రి యాత్ర నిండుగా ఉంటుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తాటాకు పందిరి వేసిన తల్లి

భద్రాద్రి చరిత్ర రాజుతో మొదలుకాలేదు, రామదాసుతోనూ మొదలుకాలేదు. భద్రిరెడ్డిపాలెంలో నివసించిన పోకల దమ్మక్క అనే అడవిబిడ్డతో మొదలయింది. మేరువు కుమారుడైన భద్రుడు తపస్సు చేసి రాముని మెప్పించిన కొండ ఇది అని స్థలపురాణం. ఆ భద్రునికిచ్చిన మాట కోసం వైకుంఠం నుంచి దిగి వచ్చిన స్వామి, చతుర్భుజాలతో, శంఖచక్ర ధనుర్బాణాలు ధరించి, ఎడమ తొడపై సీతమ్మను కూర్చుండబెట్టుకొని, పక్కన లక్ష్మణుడు నిలిచి ఉండగా వెలిశాడని చెబుతారు. అందుకే ఇక్కడి స్వామి వైకుంఠరాముడు. ఇతర క్షేత్రాలలో కనిపించే కోదండరాముని రూపానికీ ఈ రూపానికీ ఉన్న తేడాను గర్భాలయం ముందు నిలిచినప్పుడు గమనించాలి.

కాలాంతరంలో ఆ మూర్తులు పుట్టలో మరుగున పడగా, దమ్మక్కకు స్వప్నంలో స్వామి కనిపించి తన జాడ చెప్పాడట. ఆమె గోదావరి నీటితో పుట్టమట్టిని కరిగించి, మూర్తులను వెలికి తీసి, తాటాకులతో పందిరి వేసి, అడవిలో దొరికిన తాటిపండునే నైవేద్యంగా పెట్టిందని ఐతిహ్యం. ఈ రోజు మనం చూసే గోపురాలకూ ప్రాకారాలకూ ముందు అక్కడ ఉన్నది ఒక తాటాకు పందిరి. అంటే ఈ క్షేత్రంలో మొట్టమొదటి నిర్మాణం ఒక గిరిజన స్త్రీ చేతిపని.

దమ్మపేట పేరు వినగానే భక్తులకు దమ్మక్క గుర్తుకు రావడం సహజం. శబ్దసామ్యం ఉన్నంత మాత్రాన రెండింటినీ ముడివేయడం చరిత్ర అనిపించుకోదు. అయినా ఆ ఊరి మీదుగా కొండకు వెళ్ళేటప్పుడు ఆ తల్లిని ఒకసారి తలచుకోవడానికి అది చక్కని సాకు. దేవస్థానం వారు ఆషాఢంలో దమ్మక్క సేవాయాత్రను, ఆశ్వయుజంలో శబరి స్మృతియాత్రను జరుపుతారు. చుట్టుపక్కల గూడేల నుంచి గిరిజనులు పూలు, పండ్లు, అటవీ ఫలాలు తెచ్చి స్వామికి సమర్పించే ఆ రెండు దినాలు, శ్రీరామనవమి అంత జనసమ్మర్దం లేకుండా, ఎంతో హృద్యంగా ఉంటాయి. తీరిక ఉన్నవారు నవమికి బదులు ఆ రోజులలో వెళ్ళి చూడవచ్చు.

రామదాసు చేయించిన నగలు

నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చిన నాటికి స్వామికి సరైన గుడి లేదు. ప్రజల నుంచి వసూలైన పైకంతో ఆలయం కట్టించాడు, నగలు చేయించాడు. ఖజానాకు చేరవలసిన సొమ్ము గుడికి చేరిందని గోల్కొండ ప్రభువు చెరలో వేయించాడు. పన్నెండేళ్ళ కారాగారం, చివరికి రామోజీ లక్ష్మోజీలుగా స్వామి వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి విడిపించడం, తెలుగింట పుట్టిన పసివాడికి సైతం తెలిసిన కథ. 1672 నుంచి 1687 వరకు పాలించిన అబుల్ హసన్ తానీషా ఆ పిమ్మట పరమభక్తుడై, కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం నెలకొల్పాడని ప్రసిద్ధి. నిజాముల కాలంలోనూ అది తప్పలేదు. నేటికీ ప్రభుత్వం పక్షాన పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు నవమి నాడు సమర్పిస్తారు.

రామదాసు చేయించినవిగా చెప్పే చింతాకు పతకం, పచ్చల పతకం, కలికితురాయి వంటి ఆభరణాలు నేటికీ దేవస్థానంలో భద్రంగా ఉన్నాయి. కల్యాణ సమయంలో వాటిని స్వామికి, అమ్మవారికి అలంకరిస్తారు. వాటి పేర్లు మనకు రామదాసు కీర్తన ద్వారా తెలుసు. వాటిని ఆ కీర్తన ధ్యాసలోనే చూస్తాం కనుక, పనివాని ధ్యాస మనకు రాదు. చింతాకు పతకం పేరులోనే ఉన్నది దాని పోలిక. చింతచెట్టు ఆకు ఎంత సన్నగా, ఈనెకు ఇరువైపులా ఎంత పొందికగా అమరి ఉంటుందో ఆ పొందికను బంగారంలోకి దించిన స్వర్ణకారుని పేరు ఏ శాసనంలోనూ లేదు. ఆ నగల ఖర్చుకు ఒక భక్తుడు చెరసాల అనుభవించాడు గనుక ఆయన పేరు నిలిచింది. చేసినవాని పేరు నగలోనే కలిసిపోయింది.

ఈ క్షేత్రానికే ప్రత్యేకమైన మరొక ముచ్చట మంగళసూత్రాలది. లోకంలో పెళ్ళికూతురికి పుట్టింటివారిది ఒకటి, అత్తింటివారిది ఒకటి. భద్రాద్రిలో సీతమ్మకు మూడు సూత్రాలు. జనకుని పక్షాన ఒకటి, దశరథుని పక్షాన ఒకటి, కూతురిగా భావించి రామదాసు చేయించినది మరొకటి. కల్యాణంలో మూడింటినీ భక్తులకు చూపుతారు. మిథిలా స్టేడియంలో ఎక్కడో వెనుక వరుసలో ఎండలో కూర్చున్న ముసలమ్మ సైతం ఆ క్షణంలో లేచి నిలబడి చేతులు జోడిస్తుంది.

తలంబ్రాల సంగతి చెప్పకుండా భద్రాద్రి పనితనం గురించి ముగించలేం. ఇక్కడి తలంబ్రాలు పసుపుపచ్చగా ఉండవు. బియ్యానికి పసుపుతోపాటు గులాలు, నెయ్యి, సుగంధద్రవ్యాలు కలపడం చేత ఎర్రని గులాబి వన్నెలో ఉంటాయి. ఫాల్గుణ పౌర్ణమి నాడు స్వామిని పెళ్ళికొడుకును చేసి, డోలోత్సవం జరిపి, ముత్తయిదువలు రోళ్ళలో పసుపు కొమ్ములు దంచి, తలంబ్రాలు కలపడం మొదలుపెడతారు. తూర్పు గోదావరి ప్రాంతంలోని కోరుకొండ భక్తులు ఇందుకోసమే వరి పండించి, ఆ వడ్లను రోటిలో దంచకుండా, మరలో ఆడించకుండా, ఒక్కొక్క గింజనూ గోటితో ఒలిచి తెస్తారు. వాటికే గోటి తలంబ్రాలని పేరు. ఒక దోసెడు బియ్యం గోటితో ఒలవాలంటే ఎంత ఓపిక కావాలో ఇంట్లో ఒకసారి ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది. వేలి కొసలు మండుతాయి. గింజ విరిగితే పనికిరాదు, అక్షతమంటేనే విరగనిదని అర్థం కదా!

అడ్డాకు, వెదురు

ప్రసాదం తిన్న దొన్నెను పారవేసే ముందు ఒకసారి తిప్పి చూడండి. అది అడ్డాకు అయితే అదృష్టం. అడ్డ ఈ అడవులలో పెద్ద పెద్ద చెట్లను చుట్టుకొని పైకి పాకే తీగ. దాని ఆకు కొసన రెండుగా చీలి, అరచేతికి రెండింతలుంటుంది. కోసిన ఆకును ఎండబెట్టి, కట్టలు కట్టి, బరువు కింద అణచి, కుట్టే ముందు నీళ్ళు చిలకరించి మెత్తబరచి, వెదురు నుంచి చీల్చిన సన్నని పుల్లలతో ఒకదానికొకటి గుచ్చితే విస్తరి తయారవుతుంది. దారం లేదు, జిగురు లేదు. మన పెద్దల పెళ్ళిళ్ళలో, తద్దినాలలో, సంతర్పణలలో నేల మీద పరచినవి ఇవే. గిరిజన సహకార సంస్థ చింతపండు, తేనె, జిగురు వంటి వాటితోపాటు అడ్డాకునూ ఏజెన్సీలో కొనుగోలు చేస్తూ వచ్చింది.

కాగితానికి వెండిరంగు పూసిన పళ్ళేలు వచ్చి అడ్డాకు గిరాకీని తినేశాయి. మడిగా వండిన పులిహోరను మడి లేని పళ్ళెంలో పెట్టుకొని తింటున్నాం. ఇంట్లో వ్రతానికో నోముకో నూరు విస్తళ్ళు కావలసివస్తే, అడవిలో కుట్టినవే కావాలని అడిగి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు.

మేదర్ల పనీ అంతే. చేట, తట్ట, జల్లెడ, గంప, ధాన్యం పోసుకునే గుమ్మి, ఇవన్నీ వెదురును నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగం వేరుచేసి, పై బెరడు బద్దలతో అల్లేవే. చేటలో పసుపు కుంకుమ పెట్టి వాయనమిచ్చే ఆచారం మనకుంది. ప్లాస్టిక్ చేటలో వాయనమిస్తే పుణ్యం తగ్గుతుందా అని ఎవరైనా అడిగితే శాస్త్రం చెప్పడానికి మేము చాలం. కాని ఇంటి ముందు కూర్చుని చేట అల్లి ఇచ్చిన మేదరి తల్లికి ఆ పూట బియ్యం దొరకడం మాత్రం పుణ్యమే.

పడిగె విప్పితే పురాణం

ఇక అసలు చెప్పవలసిన విషయానికి వద్దాం. కోయల ఇలవేల్పులకు మనలాగా శిలావిగ్రహాలు ఎక్కువగా ఉండవు. వారి వేల్పు ఒక గుడ్డపై ఉంటుంది. దానిని పడిగె అంటారు. త్రికోణాకారంలో సాగిన పొడవాటి జెండా అది. దానిపై సూర్యచంద్రులు, గుర్రాలు, ఏనుగులు, పులులు, వంశానికి మూలపురుషులైన వీరులు, వారి తల్లులు వరుసలు తీరి ఉంటారు. కొన్ని బొమ్మలను రంగులతో గీస్తారు, కొన్నింటిని రంగుల గుడ్డముక్కలు కత్తిరించి పై నుంచి కుట్టి అతుకుతారు. కోయలలో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు అని శాఖలున్నాయి. పెళ్ళి సంబంధాలు చూసుకునేది ఆ గట్టును బట్టే. మనం గోత్రప్రవర చెప్పుకున్నట్లే వారు గట్టు చెప్పుకుంటారు. ఒక్కొక్క గట్టులో ఇంటిపేర్ల వారీగా వేల్పులుంటాయి, ఆ వేల్పుకు పడిగె ఉంటుంది, ఆ పడిగెకు ఒక కథ ఉంటుంది.

ఆ కథను ఎవరు పడితే వారు చెప్పరు. డోలీలు అనే కళాకారుల శాఖ ఉన్నది. కొలుపు జరిగే నాడు వెదురు గెడకు కట్టిన పడిగెను బయటికి తీసి, ఏటికో వాగుకో తీసుకువెళ్ళి స్నానం చేయించి, విప్పి నిలబెడతారు. డోలీ పెద్ద డోలు మోగిస్తూ, పడిగెపై ఒక్కొక్క బొమ్మనూ చూపుతూ, ఆ వంశం ఎక్కడి నుంచి బయలుదేరింది, ఏ నది దాటింది, ఎవరితో పోరాడింది, ఎవరిని ఇంటి ఆడపడుచుగా తెచ్చుకుంది అని రాత్రంతా గానం చేస్తాడు. వినేవారు వంశీకులు. తమ తాతముత్తాతల పేర్లు వచ్చినప్పుడు వారిలో కొందరు పూనకంతో ఊగుతారు. వ్రాసిపెట్టుకున్న గ్రంథం లేదు. గుడ్డ సగం పుస్తకం, డోలీ గొంతు మిగతా సగం.

ఈ విద్యలో లోకమెరిగిన పేరు సకిని రామచంద్రయ్య. మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. కంచుమేళం, డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మల గాథను, పగిడిద్దరాజు గాథను, మరెన్నో వేల్పుల చరిత్రలను కోయభాషలోనూ తెలుగులోనూ గంటల తరబడి పాడగల దిట్ట. బడి చదువు లేకపోయినా వందల ఏళ్ళ వంశావళిని నాలుక మీద నిలిపిన మనిషి. 2022లో కేంద్రప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు, డోలి పేరు తొలిసారి నగరాలలో వినబడింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు అంతకు ముందు నుంచే డోలీల నోటి కథలను, పడిగెలను సేకరించి, వ్రాయించి, ముద్రించే పనిలో ఉన్నారు. సమ్మక్క సారలమ్మల కథ డోలీలు చెప్పే తీరులో పుస్తకంగా మనకు అందింది ఆ కృషి వల్లనే. 2024 జూన్‌లో రామచంద్రయ్య కన్నుమూశారు.

ఆయనతో ఎన్ని కథలు వెళ్ళిపోయాయో ఆలోచిస్తే గుండె చివుక్కుమంటుంది. డోలీ కుటుంబాల పిల్లలు చదువుకుంటున్నారు, కొలువులకు వెళుతున్నారు. అది జరగవలసిందే, కాదనే హక్కు మనకెవరికీ లేదు. కాని చెప్పే నోరు లేనినాడు పడిగె బొమ్మల గుడ్డగా మిగులుతుంది. గుర్రం మీద ఉన్నదెవరో, ఆ పక్కనున్న పులి ఎందుకున్నదో చెప్పేవారుండరు. రెండు రాష్ట్రాలలో మ్యూజియం గోడలకు వేలాడదీసిన పడిగెలు చూసినప్పుడు ఇదే దిగులు కలుగుతుంది. వేదం తాళపత్రాలలో ఉన్నంత మాత్రాన బతకదు, స్వరంతో చెప్పే గురువు కావాలని మన ఇళ్ళలో పెద్దలు అంటుంటారు. డోలీ విద్యకూ అదే వర్తిస్తుంది.

గుడ్డముక్కలు కత్తిరించి, పై నుంచి కుట్టి బొమ్మలు కల్పించే విద్య దూరదేశాలలోనూ ఉన్నది. ఉత్తర ఆఫ్రికాలో ఈజిప్టు రాజధాని కైరోలో, బాబ్ జువేలా అనే పురాతన కోటద్వారం పక్కనే డేరాలు కుట్టేవారి వీధి ఒకటి ఉన్నది. పండుగలకు, పెళ్ళిళ్ళకు, సంతాపసభలకు వేసే డేరాల లోపలి వైపు పద్మాలు, తీగలు, అక్షరాలు గుడ్డలతో కుట్టడం అక్కడి వారి వంశపారంపర్య వృత్తి. మొరాకోలోని ఫెజ్ నగరాన్ని 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ పాత మసీదులు, విద్యాలయాలు చూసినవారు తోళ్ళకు రంగులద్దే తొట్ల దగ్గరికీ, పలకలు చెక్కే పనివారి దగ్గరికీ తప్పక వెళతారు. కట్టడం, పని రెండూ ఒకే యాత్రలో భాగం. కైరో వీధిలోనూ యంత్రాలపై అచ్చువేసిన చౌకగుడ్డ వచ్చి చేతికుట్టు పనివారి పొట్ట కొడుతున్నది. అయినా కోటద్వారం చూడవచ్చిన యాత్రికుడు పక్కవీధిలో కుట్టే చేతినీ చూసి, ఒక ముక్క కొనుక్కొని వెళ్ళడం ఆ వృత్తికి కొంత ఊపిరి. భద్రాద్రికి వచ్చేవారి సంఖ్య తక్కువేమీ కాదు. అందులో నూటికొకరు గిరిజన కళలవైపు అడుగు వేసినా చాలు.

అలా వేయడానికి వీలైన చోటు ఊళ్ళోనే ఉన్నది. భద్రాచలం ఐ.టి.డి.ఎ. ప్రాంగణంలోని గిరిజన మ్యూజియంలో ఈ సీమ ప్రజలు వాడే పనిముట్లు, వాద్యాలు, ఆభరణాలు, వెదురు వస్తువులు చూడవచ్చు. అడవిదున్న కొమ్ములను తలపాగాకు అమర్చుకొని, నెమలీకలు చెక్కుకొని, పెద్ద డోళ్ళు మెడలో వేసుకొని ఆడే కొమ్ము నృత్యం గురించి పిల్లలకు చెప్పడానికి ఇదే సరైన స్థలం. ఆ కొమ్ములు తాతల నాటివి, ఇంట్లో పూజలందుకునేవి. కొత్తగా అడవిదున్నను వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఉన్న కొమ్ములను కంటికి రెప్పలా కాపాడుకుంటారు. ఆడవారి ఆటను రేలా అంటారు. వేసవిలో పసుపుపచ్చని గుత్తులతో వేలాడే రేలచెట్టు పేరే ఆ పాటకూ ఆటకూ వచ్చింది.

వారి పండుగల క్రమం తెలిస్తే మనకూ ఒక పాఠమే. కోయభాషలో పండుగను పండుం అంటారు. భూమిలో విత్తనం వేసే ముందు విత్తనాల పండుగ, కొత్తపంట చేతికొచ్చినప్పుడు కొత్తల పండుగ, మామిడికాయకు ఒకటి, ఇప్పపువ్వుకు ఒకటి. వేల్పుకు సమర్పించనిదే కొత్తకాయ కొరకరు. నివేదన కాని అన్నం ముట్టరాదని మన ఇళ్ళలో ఉన్న నియమానికీ దీనికీ ఏమైనా తేడా ఉన్నదా?

పర్ణశాల, రాక్షస గుళ్ళు

భద్రాచలానికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉన్నది. సీతారామలక్ష్మణులు వనవాసంలో నివసించినదీ, మాయలేడి కనిపించినదీ, రావణుడు సీతమ్మను అపహరించినదీ ఇక్కడేనని ఈ ప్రాంతపు నమ్మకం. మహారాష్ట్రలోని నాసిక్ వారు పంచవటి తమదేనంటారు. గోదావరి పుట్టినచోట ఒకరు, నది నిండుగా సాగేచోట మరొకరు రాముణ్ణి తమవాడని చెప్పుకోవడం నదికే శోభ. సీతమ్మ వాగు బండలపై అమ్మ నారచీరలు ఆరవేసిన చారికలు చూపుతారు, పసుపు కుంకుమ రాళ్ళు చూపుతారు. అయితే ఆ రాళ్ళను గీకి రంగుపొడి ఇంటికి తెచ్చుకోవడం మానాలి. వచ్చిన ప్రతివారూ చిటికెడు గీకితే రేపటి తరానికి మిగిలేది వట్టి బండ.

దారిలో దుమ్ముగూడెం ఆనకట్ట కనిపిస్తుంది. ఎగువ గోదావరిలో పడవలు నడపాలన్న సంకల్పంతో సర్ ఆర్థర్ కాటన్ కాలంలో చేపట్టిన నిర్మాణం. 1871లో ఆ నౌకాయాన పథకాన్ని విరమించుకున్నారు. పడవలు ఆగినా రాతికట్ట నిలిచింది. భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాకను జటాయువు రెక్క పడిన చోటుగా చెబుతారు. 2014 నుంచి అది ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. రాముని కథలో ఒక అధ్యాయం నుంచి మరొక అధ్యాయానికి వెళ్ళడానికి మనం ఇప్పుడు రాష్ట్ర సరిహద్దు దాటుతున్నాం.

పాతకాలపు ఆనవాళ్ళపై ఆసక్తి ఉన్నవారు పినపాక మండలం జానంపేటను చూడాలి. పెద్ద పెద్ద రాతిపలకలను నిలిపి, పైన మరొక పలకను కప్పిన బృహత్ శిలాయుగపు సమాధులు అక్కడ గుంపులు గుంపులుగా ఉన్నాయి. స్థానికులు వాటిని రాక్షస గుళ్ళు అంటారు. అంత బరువైన రాళ్ళను మనుషులెత్తలేరు కనుక రాక్షసులే ఎత్తి ఉండాలని వారి తర్కం. ఇనుమును కరిగించడం తెలిసిన మనుషులే, తమ పెద్దలను సాగనంపడానికి వాటిని కట్టారు.

గోదావరి ఎత్తు

ఈ సీమలో గుడికైనా గూడేనికైనా గడియారం గోదావరే. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. కొండ మీది స్వామి పదిలంగానే ఉన్నా, కింద ఇళ్ళు మునిగాయి, దుకాణాలు మునిగాయి. నది పొంగినప్పుడు పర్ణశాలా నీటిపాలవుతుంది.

దిగువన పోలవరం ముంపు పరిధిలో ఉన్న కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరు, వి.ఆర్.పురం ప్రాంతాల కోయగూడేలది మరొక కష్టం. ఇల్లు కట్టుకోవడానికి పరిహారం లెక్క కడతారు, చెట్టుకు లెక్క కడతారు. వేల్పుల గుడి ఉన్న మర్రికీ, పడిగెను స్నానం చేయించే రేవుకూ లెక్క ఎలా కడతారు? శివాలయాన్ని తరలించాలంటే ఆగమం ప్రకారం కళాకర్షణ చేసి, మరొకచోట పునఃప్రతిష్ఠ చేస్తారు. కృష్ణమ్మ శ్రీశైలం వద్ద నిలిచినప్పుడు అలంపురం పరిసరాల గుడులను రాయి రాయి లెక్కపెట్టి తరలించి నిలబెట్టడం మన దేశం చూసింది. కోయవేల్పు కథలో మాత్రం ఫలానా వాగు, ఫలానా గుట్ట అని పేర్లుంటాయి. ఆ వాగు నీటి అడుగుకు వెళ్ళిపోయాక, కొత్త కాలనీలో సిమెంటు గట్టు మీద నిలబడి డోలీ ఆ పేరు పలికితే వినే పిల్లవాడికి చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే డోలీల నోటి మాటను ఇప్పుడే, వారుండగానే వ్రాసుకోవలసిన తొందర ఉన్నది.

ఇలా వెళ్ళాలి

దమ్మపేట నుంచి ములకలపల్లి, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరవచ్చు. పాల్వంచ దాటాక రహదారి పక్కనే కనకదుర్గమ్మ కొలువున్నది. భక్తులు పెద్దమ్మ తల్లి అంటారు. కొత్త వాహనం కొన్నవారు మొదట ఇక్కడే ఆగుతారు. రైలులో వచ్చేవారికి భద్రాచలం రోడ్ స్టేషను కొత్తగూడెంలో ఉన్నది. అక్కడి నుంచి భద్రాచలం నలభై కిలోమీటర్లు. తిరుగు ప్రయాణంలో అశ్వారావుపేట మీదుగా జంగారెడ్డిగూడెం వైపు వెళితే గురవాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామిని సేవించుకోవచ్చు. ఎర్రకాలువ ఒడ్డున తెల్లమద్ది చెట్టు మొదలులో వెలసిన స్వామి ఆయన. ఆ చెట్టే ఆలయం.

కల్యాణం చూడదలచినవారు చైత్రశుద్ధ నవమికి, హంసవాహనంపై తెప్పోత్సవం చూడదలచినవారు ముక్కోటికి ముందు రోజుకు చేరేలా బయలుదేరాలి. మ్యూజియం, పర్ణశాల తీరికగా చూడాలంటే ఈ రెండు రద్దీలూ లేని రోజులలో రెండు పగళ్ళు కేటాయించుకోవాలి. కోయగూడెంలో కొలుపు జరుగుతున్నదని తెలిసి ఎవరైనా వెంట తీసుకువెళితే, ఊరిపెద్ద అనుమతి అడిగి, చెప్పులు విడిచి, వారు చూపిన చోట కూర్చోవాలి. పడిగెను తాకరాదు. అడగకుండా ఫొటోలు తీయరాదు. వారిచ్చిన ప్రసాదం అడ్డాకు దొన్నెలో వస్తుంది.